చించిల్లా ఇంటికి వాస్తు

ముందే చెబుతున్నాను. ఈ కథలో ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెప్పానేమోనని నాకే అనుమానం. పిల్లి రావడం ముందా, రేకులు నిలబెట్టడం ముందా అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. వరస కాస్త అటూ ఇటూ అయినా జరిగిన సంగతి మాత్రం ఇదే.

గుంటూరు దాటాక ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. ముందు వైపు లారీలు, బస్తాలు, తుమ్ములు. వెనక వైపు దొడ్డి. బయట ఎండ మాడ్చేస్తున్నా ఆ వెనక గోడ మాత్రం కొత్త కుండలా చల్లగా చెమరుస్తూ ఉంటుంది. ఆ గోడని ఆనుకుని మూడు ప్రాణులు కాపురం ఉండేవి.

మొదటిది కపిలమ్మ అనే ఆవు. పాడికి కాదు, గృహప్రవేశాలకి పేరుపడ్డ ఆవు. చుట్టుపక్కల ఎవరు కొత్త ఇల్లు కట్టినా గుమ్మంలో మొదటి గిట్ట కపిలమ్మదే. పెంకుటిళ్ళు చూసింది, పాలరాయి హాళ్ళు చూసింది, ఒకసారి లిఫ్టు ఎక్కి పై అంతస్తు ఫ్లాటుకి కూడా వెళ్ళొచ్చింది. అందుకని ఇల్లు అనే మాట వస్తే చాలు, దొడ్డిలో అందరూ ఆమె మొహమే చూసేవారు. నిజానికి ఆమె ఏ ఇంట్లోనూ అరటిపండు తినేంత సేపటికన్నా ఎక్కువ నిలబడలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు.

రెండోది డేగమ్మ అనే ఎర్రకోడి. దానికి నోరు ఊరుకోదు. మూడోవాడు తాతారావు అనే కోతి. ఆడించేవాడి దగ్గర గొలుసు తెంపుకుని వచ్చినవాడు. చేతులున్నది అతనొక్కడికే గనక దొడ్డికంతటికీ అతనే మేస్త్రీ.

ఒక సాయంత్రం రోడ్డు మీద కారు ఒకటి ఆగింది, తలుపు తీసింది, వేసింది, వెళ్ళిపోయింది. అది వెళ్ళాక చూస్తే ఒక చిన్న పెట్టె బోర్లా పడి ఉంది. అందులోంచి బూడిదరంగు ఉండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి, దొడ్డిలో గోడకి అతుక్కుపోయింది. ఉడత తోక, ఎలక మూతి, కుందేలు ఒళ్ళు. చెవులు మాత్రం దొండపండులా ఎర్రగా కాగిపోయి ఉన్నాయి.

"ఏందే ఇది? ఎవరిదే పిల్లా నువ్వు?" అంది డేగమ్మ.

"చించిల్లాని," అంది ఆ ఉండ, రొప్పుతూ. "మాది చలికొండలు. ఈ ఎండకి ఒళ్ళు ఉడికిపోతోంది. ఈ గోడ దగ్గర కాసేపు ఉండనివ్వండి."

కపిలమ్మ గుండె కరిగిపోయింది. "అయ్యో, ఎండన పడి వచ్చింది. ఒరే తాతారావూ, ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి నెత్తిన పొయ్యరా."

తాతారావు నీళ్ళు ఎత్తేసరికి చించిల్లా అరిచిన అరుపుకి అతని చేతిలో చెంబు కింద పడింది.

"పొయ్యమాకండి! తడిస్తే నేను చస్తాను! ఈ బొచ్చు ఒకసారి నానిందంటే ఆరదు. నాకు జ్వరమొచ్చి పోతాను."

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. నీళ్ళు పోస్తే చచ్చే జీవాన్ని వాళ్ళు కనీ వినీ ఎరగరు.

"మరి స్నానం ఎట్టా చేస్తావమ్మా?" అంది కపిలమ్మ.

"మెత్తటి దుమ్ములో పొర్లుతాను."

డేగమ్మ రెక్కలు టపటపా కొట్టింది. "విన్నారా! నేను చేసేదీ అదేగా! ఇన్నేళ్ళూ నన్ను మురికిముండ అన్నారు. ఇప్పుడు చలికొండల నుంచి వచ్చినావిడ కూడా దుమ్ములోనే పొర్లుతుందట!"

"నువ్వు పొర్లేది పేడదిబ్బలో," అన్నాడు తాతారావు.

"దుమ్ము దుమ్మేలేవో!"

కపిలమ్మ పరువుగా తల వంచి, మొన్న ఎక్కడో గృహప్రవేశంలో ఇచ్చిన అరటిపండు ముక్క ముందుకు తోసింది. చించిల్లా వాసన చూసి వెనక్కి జరిగింది. "తీపి పడదమ్మా. ఎండుగడ్డి ఉంటే చాలు." అది విని తాతారావు కింద కూలబడ్డాడు. అరటిపండు వద్దనే ప్రాణి ఈ భూమ్మీద ఉందంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఆ ముక్క తనే మింగి, ఆ తర్వాత కూడా చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు.

అసలైన పిడుగు ఆ తర్వాత పడింది.

"మీకు పుణ్యముంటుంది, నాకొక బోను కట్టిపెట్టండి," అంది చించిల్లా.

తాతారావు చివ్వున లేచాడు. తన మెడ మీద గొలుసు రాసుకున్న మచ్చ తడుముకున్నాడు. "బోనా? అడిగి మరీ బోను కట్టించుకుంటావా? నీకేమన్నా మతి పోయిందా పిల్లా?"

"మీరంతా పెద్ద ఒళ్ళున్నవాళ్ళు బాబాయ్. నేను పగలంతా పడుకునేదాన్ని. ఒళ్ళు మరిచి నిద్రపోయేటప్పుడు నా చుట్టూ ఇనపవల ఉంటే తప్ప నాకు కన్ను మూతపడదు. లేచాక గెంతడానికి కాస్త చోటు కావాలి. అంతే."

కపిలమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. "సరే అమ్మాయ్. నా దొడ్డికి వచ్చావు. నీ ప్రాణానికి నా మాట పూచీ. నా మాట మీద కట్టిన ఇంట్లో నీకేమన్నా అయిందంటే, ఈ జన్మలో ఇంక ఏ కొత్త గుమ్మం తొక్కను."

కపిలమ్మకి గుమ్మం తొక్కడమే బతుకు. ఆ మాట ఆమె ఉత్తినే అనలేదు.

పని మొదలైంది. పాత జనరేటరు చుట్టూ ఒకప్పుడు వేసిన ఇనపవల బోను ఒకటి మూల పడి ఉంటే కపిలమ్మ కొమ్ములతో తోసుకొచ్చి చల్లగోడకి ఆనించింది. చించిల్లా దాని చుట్టూ తిరిగి ప్రతి కన్నులోనూ మూతి పెట్టి చూసింది. మూతి పట్టిన చోటల్లా "ఇక్కడ తీగ చుట్టండి బాబాయ్" అనేది. అడుగున వల ఉంటే పాదాలు పుళ్ళు పడతాయని చెక్క పరిపించింది. ఆ చెక్కకి రంగు ఉందని వద్దంది.

"రంగుంటే అందం కదే," అన్నాడు తాతారావు.

"నేను దాన్ని కొరుకుతాను బాబాయ్. నా పళ్ళు ఆగకుండా పెరుగుతాయి, కొరక్కపోతే నోరు మూతపడదు. రంగు కడుపులోకి పోతుంది. ప్లాస్టిక్ ముక్క కూడా పెట్టమాకండి."

"పళ్ళు పెరుగుతాయా! గోళ్ళలాగానా!" డేగమ్మ తన ముక్కు తడుముకుంది.

లోపల మెట్లలాగా చిన్న చెక్కలు, జారినా దెబ్బ తగలనంత ఎత్తులో. పడుకోవడానికి చెక్కపెట్టె. ఒళ్ళు ఆనించడానికి ఒక నల్లటి కడపరాయి. పక్కనే, గెంతే చోటు చుట్టూ రేకులు నిలబెట్టారు. కోడి ఎత్తున నిలబెట్టి "చాలు" అంది డేగమ్మ. ఆ మాట నోట్లో ఉండగానే చించిల్లా గాల్లోకి లేచి, గోడని తన్ని, రేకు దాటి అవతల పడింది. డేగమ్మ కెవ్వుమంది. రెక్కలున్న తను కూడా అంత శుభ్రంగా ఎగరలేదు. రేకులు కపిలమ్మ మెడ ఎత్తుకి పెంచారు. అక్కడ వేలాడుతున్న కరెంటు తీగ కొరికితే ప్రాణం పోతుందని తాతారావు దాన్ని పైకి ఎత్తి కట్టాడు. గోడ అడుగున నీళ్ళు పోయే తూము ఒకటి బయట రోడ్డు వైపుకి తెరుచుకుని ఉంటే, దానికి పెద్ద రాయి అడ్డం పెట్టించింది చించిల్లా. ఆ రాయిని తనే మూతితో తోసి చూసుకుని, అప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అదిగో, సరిగ్గా అప్పుడే గోడ మీద నుంచి గొంతు వినిపించింది.

"ఇల్లు ముచ్చటగా ఉంది. కట్టినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ..."

బావురుపిల్లి. మీసాలు దువ్వుకుంటూ కూర్చుని ఉంది. దాన్ని అందరూ సిద్ధాంతి గారనేవారు. కోల్డ్ స్టోరేజీ యజమాని ఆఫీసులో వాస్తు చూడడానికి ఎవరెవరో వచ్చి గేటు ఇటు పెట్టమనీ, మెట్లు అటు తిప్పమనీ చెప్పి వెళ్ళేవారు. పిల్లి పైన దూలం మీద పడుకుని అంతా వినేది. విన్నది బజారంతా అప్పచెప్పేది. అలా సిద్ధాంతి అయింది.

"కానీ ఏంది సిద్ధాంతి గారూ?" అంది కపిలమ్మ.

"నేను చెప్పకూడదు. చెబితే చెప్పానంటారు."

"చెప్పండి, మీకు దణ్ణం పెడతాను."

పిల్లి దిగి వచ్చి, నాలుగు మూలలూ తిరిగి, తూము దగ్గర నిలబడి నాలుక చప్పరించింది. "ఈశాన్యం. నీళ్ళు పోయే ఈశాన్యాన్ని రాయి పెట్టి మూసేశారు. అమ్మా కపిలమ్మా, ఎన్ని ఇళ్ళు తొక్కావు, ఏ ఇంట్లోనైనా ఈశాన్యం మూసి ఉండగా చూశావా?"

కపిలమ్మ ఆలోచించింది. చూసినట్టు గుర్తు లేదు. చూడనట్టూ గుర్తు లేదు. "లేదు," అంది.

"మరి? పరాయి బిడ్డ. ఏమన్నా అయితే ఎవరి మాట పోతుంది?"

ఆ మాట ఈటెలా దిగింది. "తాతారావూ, ఆ రాయి తీసెయ్యరా," అంది కపిలమ్మ.

"వద్దమ్మా!" చించిల్లా తూముకి అడ్డంగా నిలబడింది. "కంత వద్దు. అందులోంచి ఏదైనా రావచ్చు."

"గాలి వస్తుంది తల్లీ, వెలుగు వస్తుంది," అంది పిల్లి.

"నాకు ఆ వెలుగు వద్దు."

డేగమ్మ కలగజేసుకుంది. "ఆయన మాట కాదనమాకు పిల్లా. నాకు కూడా ఆయనే చెప్పారు, గంప ఉత్తరానికి తిప్పమని. తిప్పాను. తిప్పాక నా పిల్లల్లో ఇద్దరు కనపడకుండా పోయారు."

"పోయారా!" చించిల్లా కళ్ళు ఇంతింత అయ్యాయి.

"తిప్పకపోయి ఉంటే అందరూ పోయేవారట! ఆయనే చెప్పారు."

చించిల్లా డేగమ్మ వైపు చూసింది, పిల్లి వైపు చూసింది, ఆఖరికి కపిలమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఇది నేనుండే ఇల్లు. నేను చెబుతున్నాను, ఆ కంత నాకు భయం."

కపిలమ్మ గొంతు పెద్దదైంది. "చూడమ్మాయ్. నువ్వు ఒక్క ఇంట్లో ఉండి ఉంటావు. నేను ఊరందరి ఇళ్ళూ చూసినదాన్ని. పెద్దవాళ్ళు నీ మంచికే చెబుతారు."

రాయి పక్కకి జరిగింది.

"ఇంకొక్కటి," అంది పిల్లి, వెళ్ళబోతూ ఆగి. "రేపు గృహప్రవేశం కదా. రేపంతా బోను తలుపు మూయకూడదు. లక్ష్మి వచ్చే రోజు. ఇది నేను చెప్పాలా, నీకు తెలియదా?"

"తెలియకేం! కొత్తిల్లు ఆ రోజు ఎవరూ మూయరు," అంది కపిలమ్మ, తనకి తెలిసిన సంగతి అడిగినందుకు పొంగిపోతూ.

మర్నాడు పొద్దున గృహప్రవేశం జరిగింది. కపిలమ్మ మూపురానికి పసుపు రాసుకుని, కుడి గిట్ట ముందు పెట్టి రేకుల లోపలికి నడిచింది. తిరగడానికి చోటు లేక వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చింది. డేగమ్మ పాట పాడింది. తాతారావు అరటిపండు తిన్నాడు. చించిల్లా మాత్రం చెక్కపెట్టెలో దూరి, తూము వైపే చూస్తూ, నిద్ర ఆపుకుని ఆపుకుని, ఎండెక్కేసరికి సోలిపోయింది.

మిట్టమధ్యాహ్నం. దొడ్డి అంతా కునుకు తీస్తోంది. కపిలమ్మ రేకులకి ఆనుకుని కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది. లోపల ఏదో గీరిన చప్పుడు. చెక్క మీద గోళ్ళు. ఆ తర్వాత చిన్న కీచు.

కపిలమ్మ లేచి రేకుల మీద నుంచి తల లోపలికి పెట్టింది.

బోను గుమ్మంలో బావురుపిల్లి నిలబడి ఉంది. దాని నోటి నిండా బూడిదరంగు బొచ్చు. మీసాలకి బొచ్చు, ముక్కుకి బొచ్చు, చుట్టూ గాల్లో తేలుతున్న బొచ్చు. చెక్కపెట్టె ఖాళీ.

కపిలమ్మకి నెమరు నోట్లో అలాగే ఆగిపోయింది. వెనక తాతారావు పరుగున వచ్చి, రేకు మీదకి ఎక్కి, చూసి, ఆ రేకు మీదే బిగుసుకుపోయాడు. డేగమ్మ మాత్రం ఒక్క అరుపు అరిచింది. అది కోడి అరుపులా లేదు. అప్పుడు అర్థమైంది దానికి, గంప ఉత్తరానికి తిరిగాక తన పిల్లలిద్దరూ ఎక్కడికి పోయారో.

"తినేశావా!" కపిలమ్మ అరిచింది. "నా మాట మీద పడుకున్న బిడ్డని తినేశావా!"

పిల్లి ఏదో చెప్పబోయింది. నోట్లో బొచ్చు అడ్డం పడి ఖళ్ళు ఖళ్ళున దగ్గింది. దగ్గిన కొద్దీ బొచ్చు ఇంకా లోపలికి పోయింది. తూము వైపు దూకబోయింది. తాతారావుకి అప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఒక్క గెంతు గెంతి రాయిని తూముకి అడ్డంగా దొర్లించాడు. కపిలమ్మ కొమ్ములతో రేకుని పక్కకి తోసి లోపలికి దూసుకొచ్చింది. ఎటూ దారి లేక పిల్లి వెనక్కి తిరిగి బోనులోకే దూరింది. తాతారావు తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు.

కానీ ఎవరికీ గెలిచినట్టు లేదు. కపిలమ్మ తల అటూ ఇటూ ఊపుతూ కన్నీళ్ళు కారుస్తోంది. "వద్దు అంది. కంత వద్దమ్మా అని నా మొహం చూసి చెప్పింది. నేనే వినలేదు. నేను చంపాను దాన్ని. ఇంక ఏ గుమ్మం తొక్కను..."

"అమ్మా," అంది ఒక చిన్న గొంతు. "తల అంతగా ఊపితే నేను పడిపోతాను."

కపిలమ్మ బిగుసుకుపోయింది. డేగమ్మ తలెత్తి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, చతికిలబడింది.

కపిలమ్మ మూపురం వెనక, పసుపులో కూర్చుని ఉంది చించిల్లా. వీపు మీద అరచేతి వెడల్పున బొచ్చు లేదు. ఆ మేర గులాబీరంగు తోలు నున్నగా మెరుస్తోంది. చుక్క నెత్తురు లేదు.

"నువ్వు... నువ్వు చచ్చిపోలేదా?" అన్నాడు తాతారావు, అడక్కూడనిది అడిగినట్టు మెల్లగా.

"లేదు బాబాయ్. అది నా వీపు పట్టుకుంది. పట్టుకున్న బొచ్చు దానికే వదిలేసి గెంతాను. గోడని తన్నాను, అమ్మ తల కనపడింది, ఎక్కాను."

"బొచ్చు వదిలేశావా? చొక్కా విప్పినట్టు!"

"మా వాళ్ళందరం అంతే. ఎవరైనా పట్టుకుంటే ఆ బొచ్చు ఊడి వచ్చేస్తుంది. మళ్ళీ మొలవడానికి నెలలు పడుతుంది అనుకోండి."

బోనులో పిల్లి ఎట్టకేలకు ఒక ఉండ కక్కి, కళ్ళ నీళ్ళతో అంది, "ఇది జంతువా, దూదిబస్తానా! నేను తిన్నది గాలి! మాంసం అనేది ఎక్కడుంది దీనికి?" అనేసి, తను ఏమన్నదో తనకే వినపడి నోరు మూసుకుంది.

"విన్నారుగా," అంది డేగమ్మ. "లక్ష్మిగారు లోపలికి వచ్చి భోజనం కూడా మొదలుపెట్టారు."

"కపిలమ్మా, తలుపు తియ్యి తల్లీ. ఈ ఇంటికి అసలు వాస్తే లేదు. ఇందులో ఊపిరాడడం లేదు."

"ఈశాన్యం మూశాం కదండీ, అందుకని," అన్నాడు తాతారావు, చాలా మర్యాదగా.

దాన్ని అక్కడే ఉంచేద్దామంది డేగమ్మ. పిల్లలు పోయిన తల్లి ఆమె. కానీ చించిల్లా మూపురం మీద నుంచే మెల్లగా అంది, "పిన్నీ, అది నా ఇల్లు. నాకు నిద్ర వస్తోంది."

అలా తలుపు తెరిచారు. తెరిచిన గుమ్మానికి ఇటు కపిలమ్మ కొమ్ములు, అటు డేగమ్మ ముక్కు. పిల్లి ఆ రెంటి మధ్య నుంచి దొడ్డి దాటేసరికి దాని వీపు మీద కూడా కొంత బొచ్చు తగ్గింది, అది మాత్రం దానంతట అది వదలలేదు. మీసాలకి అతుక్కున్న బూడిదరంగు బొచ్చు ఎంత నాకినా పోలేదు. బజారులో ఎలకలు కూడా దాన్ని చూసి కన్నాల్లోకి పోవడం మానేసి నిలబడి నవ్వాయట. ఆ తర్వాత దాన్ని ఎవరూ సిద్ధాంతి గారూ అనలేదు.

ఇటు దొడ్డిలో కపిలమ్మ తల నేల మీద ఆనించింది. చించిల్లా దిగి ఆమె మూతి ఎదురుగా కూర్చుంది.

"నా మాట నిలబెట్టింది నేను కాదు," అంది కపిలమ్మ. "నీ బొచ్చు నిలబెట్టింది. ఎన్ని ఇళ్ళు తొక్కానో చెప్పుకుని తిరిగాను. ఒక్క ఇంట్లోనూ ఒక్క పూట పడుకోలేదు నేను. ఇల్లంటే నాకేం తెలుసు తల్లీ?" అని, మొదటిసారిగా అడిగింది. "చెప్పు. ఇప్పుడేం చేయమంటావు?"

చించిల్లా ఆవులించింది. "ఆ రాయి ఇంకొంచెం లోపలికి నెట్టించండి. పెట్టెలో పిల్లి వాసన పోయేదాకా ఎండలో పెట్టించండి. తలుపు వేసి గొళ్ళెం పెట్టండి. సాయంత్రం లేచాక దుమ్ములో పొర్లుతాను. పిన్నిని కూడా రమ్మనండి."

కపిలమ్మ అన్నీ చెప్పినట్టే చేయించింది. ఒక్కటి కూడా తన తెలివి కలపలేదు.

నీతి: ఇల్లు ఎలా ఉండాలో ఊరందరి ఇళ్ళూ చూసినవాళ్ళని కాదు, ఆ ఇంట్లో పడుకునేవాళ్ళని అడగాలి.

అమ్మాయ్ సుభాషిణీ, ఎవరికైనా చూపించే ముందు పేర్లు ఒకసారి సరిచూడు. ఆవు కపిలమ్మే కదా? కోడి పేరు ఎక్కడైనా ఆవుకి పెట్టేశానేమో, దిద్ది పెట్టమ్మా.